ఇంటీరియర్ డిజైన్ చదువు: రెండర్ దగ్గర ఆగకుండా కటింగ్ లిస్ట్ దాకా

హైదరాబాద్‌లో ఇంటీరియర్ ఆఫీసుకు ఫ్రెషర్ వచ్చినప్పుడు పోర్ట్‌ఫోలియోలో త్రీడీ వ్యూలను (రెండర్లు, అంటే గది ఫోటోలా కనిపించే కంప్యూటర్ బొమ్మలు) గబగబా తిప్పేస్తారు. వెతికేది ఒక్క సెట్ కోసం: ఒక వార్డ్‌రోబ్‌కో కిచెన్‌కో ప్లాన్ (పై నుంచి చూసినట్టు), ఎలివేషన్ (ఎదురు నుంచి), సెక్షన్ (నిలువుగా కోసి చూసినట్టు) గీసి, ప్రతి బాక్సుకీ కొలత వేసి, ఏ ప్లై, ఏ మైకా (ప్లై మీద అతికించే లామినేట్ షీట్), ఏ హింజ్ (తలుపు తిరిగే బందు) అని రాసి, చివర ఎన్ని షీట్లు పడతాయో లెక్క కట్టిన సెట్. అది ఉంటే మాట ముందుకు సాగుతుంది. చాలా పోర్ట్‌ఫోలియోల్లో అదే ఉండదు. సోఫా మీద ఎండ పడుతున్న బొమ్మలు మాత్రం పదుల్లో ఉంటాయి.

ఇది పిల్లల తప్పు కాదు. వాళ్లకు మార్కులు ఆ బొమ్మలకే పడ్డాయి. పని చేసే పద్ధతి మాత్రం మారిపోయింది, చదువు దాన్ని ఇప్పుడిప్పుడే అందుకుంటోంది.

ఏం మారిందో ముందు చెప్పాలి. ఇదివరకు పని మొత్తం సైట్‌లోనే జరిగేది. ప్లై షీట్లు ఫ్లాట్‌లో దిగేవి, కార్పెంటర్ హాల్లోనే టేబుల్ వేసుకుని కోసేవాడు. డ్రాయింగ్‌లో 30 ఎంఎం (మిల్లీమీటర్లు; ఇకమీదట యూనిట్ రాయని కొలతలన్నీ ఎంఎంలోనే) తేడా ఉన్నా గోడ పక్కన బాక్సు పెట్టి చూసి, చెక్కి, సర్దేవాడు. డిజైనర్ చేసిన తప్పు మేస్త్రి చేతిలోనే మాయమైపోయేది, తప్పు జరిగిందని డిజైనర్‌కు తెలిసేది కూడా కాదు. 2014 ప్రాంతం నుంచి లివ్‌స్పేస్, హోమ్‌లేన్ లాంటి సంస్థలు, వాటిని చూసి ఊరూరా వచ్చిన మాడ్యులర్ యూనిట్లు (ఫర్నిచర్‌ను బాక్సులుగా చేసే ఫ్యాక్టరీలు) ఆ పనిని ఫ్యాక్టరీకి తీసుకుపోయాయి. డిజైనర్ పంపిన ఫైల్ నుంచి కటింగ్ లిస్ట్ (ఏ ముక్క ఏ సైజులో కోయాలో చెప్పే పట్టిక) వస్తుంది, బీమ్ సా అనే రంపం యంత్రం కోస్తుంది, ఎడ్జ్ బ్యాండర్ అంచు వేస్తుంది, సీఎన్‌సీ రంధ్రాలు పెడుతుంది, ఒక్కో ముక్కకు స్టిక్కర్ అంటించి ప్యాక్ చేస్తారు. మధ్యలో గోడను చూసినవాళ్లు ఎవరూ ఉండరు. ఫైల్‌లో ఏముంటే అదే సైట్‌కు వస్తుంది. పట్టకపోతే ఆ ముక్క మళ్లీ చేయించాలి, అందులోనూ అదే షేడ్ మైకా స్టాక్‌లో ఉంటేనే.

అందుకే డిజైనర్ మీద పడే బాధ్యత పెరిగింది. కొలత తీయడం, కొలతను ఫైల్‌లోకి ఎక్కించడం, వచ్చిన ముక్కలు గోడకు పట్టేలా చూడడం, ఈ మూడూ చదువులోకి రావాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే. మిగతా మార్పులన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

కొలత అంటే టేప్ పట్టుకోవడం ఒక్కటే కాదు

మొదటి సెమిస్టర్‌లోనే ప్రతి విద్యార్థికీ లేజర్ మీటర్, 5 మీటర్ల టేప్, మూలమట్టం ఇచ్చి, తాళం చేతికి వచ్చిన ఖాళీ ఫ్లాట్‌కు పంపాలి. క్లాస్‌రూమ్ గోడలు కొలిపిస్తే సరిపోదు. కొత్త ఫ్లాట్‌లో కిచెన్ కొలిచే పద్ధతి ఇలా ఉంటుంది.

గది చుట్టూ ఫినిష్డ్ ఫ్లోర్ (టైల్ పడ్డాక ఉండే నేల) నుంచి సరిగ్గా 1000 ఎంఎం ఎత్తులో లేజర్‌తో ఒక లెవెల్ గీత వేయాలి. ఇకమీదట ఎత్తులన్నీ ఆ గీత నుంచే. ప్రతి గోడ పొడవునూ మూడు ఎత్తుల్లో తీయాలి: నేలకు కాస్త పైన, కౌంటర్ ఎత్తులో, ఓవర్‌హెడ్ బాక్సు (కౌంటర్ పైన గోడకు వేలాడేది) పైభాగం దగ్గర. ఈ మూడూ ఒకటే వస్తాయని ఎప్పుడూ అనుకోకూడదు. ప్లాస్టర్ నిట్టనిలువుగా లేకపోతే కింద 2400 ఉన్న గోడ పైన 2388 ఉండొచ్చు. బాక్సు వెడల్పుకు తీసుకోవాల్సింది అన్నిటికంటే చిన్న కొలత. తర్వాత మూలలు. ఒక గోడ మీద 900, పక్క గోడ మీద 1200 గుర్తు పెట్టి, రెంటి మధ్య వాలు దూరం 1500 వస్తే మూల సరిగ్గా ఉన్నట్టు. 1 డిగ్రీ తేడా ఉన్నా 3 మీటర్ల గోడ చివరికి వెళ్లేసరికి 52 ఎంఎం పక్కకు పోతుంది. ఎల్ ఆకారం కిచెన్‌లో గ్రానైట్ వెనక సందు కనిపించడానికి సాధారణంగా ఇదే కారణం. ఆ తేడాను మింగడానికే గోడ పక్కన 30 నుంచి 50 ఎంఎం ఫిల్లర్ (సందు మూసే పట్టీ) పెడతారు. ఫిల్లర్ ఎందుకో తెలియని విద్యార్థి అందం కోసం దాన్ని తీసేస్తాడు, బాక్సు గోడల మధ్య ఇరుక్కుంటుంది, లేదా షట్టర్ (బాక్సు తలుపు) తెరుచుకోదు.

ఇంకొకటి, కొలత ఎప్పుడు తీశారన్నది. డాడో టైల్ (గోడకు వేసే టైల్) వేయకముందు కొలిస్తే టైల్, అతికించే మసాలా కలిపి ఒక్కో పక్కన 15 ఎంఎం వరకు పోతుంది. 2400 అనుకున్నది 2370 అవుతుంది. అందుకే కొలతల షీట్ మీద తేదీతో పాటు ఆ రోజు గోడ ఏ స్థితిలో ఉందో రాయడం అలవాటు చేయాలి: బేర్ ప్లాస్టరా, పుట్టీ అయిందా, టైల్ అయిందా. ఆ ఒక్క గడి లేని కొలతల షీట్‌కు నేనైతే మార్కులు వేయను.

ఎలక్ట్రికల్ పాయింట్లకూ ఇదే నియమం. ఫ్లోరింగ్ కాకముందు ఎలక్ట్రీషియన్ స్లాబ్ నుంచి ఎత్తు లెక్కపెట్టి బాక్సు పెడితే, తర్వాత మసాలా, టైల్ కలిపి 50 ఎంఎం నేల పైకొస్తుంది, సాకెట్ ఆ మేరకు కిందికి దిగినట్టవుతుంది. కౌంటర్ 860, గ్రానైట్ 20 ఉన్నచోట మిక్సీ సాకెట్ మధ్య గీత 1100 దగ్గర ఉండాలనుకున్నది 1050కి వస్తుంది. సాకెట్ ప్లేటు స్కర్టింగ్ గ్రానైట్ పట్టీకి తగలొచ్చు. డ్రాయింగ్‌లో "ఫినిష్డ్ ఫ్లోర్ నుంచి" అన్న మాట రాయకపోవడం వల్ల జరిగే నష్టం ఇది.

ఫ్యాన్, అటక

త్రీడీ వ్యూలో అసలు దొరకని తప్పు ఒకటి ఉంది. స్టూడియోలో (డిజైన్ ప్రాక్టికల్ క్లాసులో) దీన్ని లెక్కగా ఇవ్వాలి, ఎందుకంటే మన ఇళ్లలో బెడ్‌రూమ్‌కి సీలింగ్ ఫ్యాన్, వార్డ్‌రోబ్ మీద అటక రెండూ తప్పవు.

గది వెడల్పు 3000 అనుకుందాం. బిల్డర్ ఫ్యాన్ హుక్ సరిగ్గా మధ్యలో, గోడ నుంచి 1500లో ఇచ్చాడు. ఫ్యాన్ స్వీప్ (రెక్కలు తిరిగే వృత్తం వ్యాసం) 1200, అంటే రెక్క కొస గోడ నుంచి 900 దగ్గర తిరుగుతుంది. ఆ గోడకే 600 లోతు వార్డ్‌రోబ్, పైన అటక, అటక షట్టర్ ఒక్కోటి 450 వెడల్పు పెట్టాం. షట్టర్ పూర్తిగా తెరిస్తే దాని అంచు గోడ నుంచి 1050 దాకా వస్తుంది. రెక్క 900 దగ్గరే ఉంది. ఫ్యాన్‌కు ఎదురుగా ఉన్న షట్టర్ రెక్కకు తగులుతుంది. రెండర్‌లో షట్టర్లన్నీ మూసి ఉంటాయి, ఫ్యాన్ తిరగదు, కాబట్టి బొమ్మలో లోపమే ఉండదు.

పరిష్కారం సులువే కానీ ముందే చెయ్యాలి. వార్డ్‌రోబ్ పోగా మిగిలిన 2400కి మధ్యలోకి, అంటే గోడ నుంచి 1800కి ఫ్యాన్‌ని జరపాలి. రెక్క కొస 1200కి వెళ్తుంది, షట్టర్‌కు 150 ఖాళీ దొరుకుతుంది. జరపాలంటే స్లాబ్‌కి యాంకర్ ఫాస్టెనర్‌తో కొత్త హుక్ వేయాలి, వైరు లాగాలి, ఇదంతా ఫాల్స్ సీలింగ్ ఫ్రేమ్ కట్టకముందే జరగాలి. బోర్డుతో మూసేసిన సీలింగ్‌లో హుక్ కోసం మళ్లీ రంధ్రం కొట్టడం ఎవరికీ ఇష్టం ఉండదు. కాబట్టి రిఫ్లెక్టెడ్ సీలింగ్ ప్లాన్ (సీలింగ్‌లో ఏది ఎక్కడుందో చూపే ప్లాన్) మీద వార్డ్‌రోబ్ షట్టర్ల తిరుగుడు కూడా గీయాలి. ఫర్నిచర్ ఒక షీట్‌లో, సీలింగ్ ఇంకో షీట్‌లో నేర్పి, రెంటినీ ఒకదాని మీద ఒకటి ఎప్పుడూ పెట్టించని కోర్సు ఈ తప్పును తయారు చేస్తుంది.

20 ఎంఎం ఖరీదు

ప్లై షీట్ సైజు 8 బై 4 అడుగులు, అంటే 2440 బై 1220. మైకా కూడా ఇంచుమించు అదే సైజు. ఈ రెండు అంకెలు తలలో లేకుండా వార్డ్‌రోబ్ గీయకూడదు.

ఒక వార్డ్‌రోబ్ తీసుకుందాం: వెడల్పు 1800, ఎత్తు 2100, రెండు 900 బాక్సులు. బాక్సు లోతు 570, షట్టర్‌తో కలిపి 590. సైడ్ ప్యానెళ్లు నాలుగు, ఒక్కోటి 2100 బై 570. 1220 వెడల్పులో 570 రెండుసార్లు పడుతుంది, రంపం 4 ఎంఎం తిన్నా ఇంకా మిగులుతుంది. అంటే షీట్‌కి రెండు సైడ్లు, మొత్తం 2 షీట్లు. టాప్, బాటమ్, మూడేసి అరలు కలిపి 864 బై 570 ముక్కలు పది. 900లో రెండు పక్కల 18 తీసేస్తే వచ్చేది 864. షీట్‌కి నాలుగు పడతాయి, కాబట్టి రెండున్నర షీట్లు, మూడు కొనాలి. మిగిలిన సగం డ్రాయర్లకు పనికొస్తుంది. షట్టర్లు నాలుగు, ఒక్కోటి 447 వెడల్పు: 900లో మధ్యన 3, అటూ ఇటూ 1.5 చొప్పున సందు వదిలితే అంతే వస్తుంది. షీట్‌కి రెండు, మొత్తం 2 షీట్లు. 18 ఎంఎం ప్లై 7 షీట్లు, వెనక పల్చటి ప్లై 2 షీట్లు.

ఇప్పుడు ఎవరో "కాస్త లోతుగా ఉంటే బాగుంటుంది" అని బాక్సు లోతు 620 చేశారనుకోండి. 620 రెండుసార్లు అంటే 1240, షీట్ 1220 దగ్గరే ఆగిపోయింది. ఇక షీట్‌కి ఒక్క సైడే. 2 షీట్లు కాస్తా 4 అవుతాయి. పక్కన మిగిలే 600 వెడల్పు పట్టీని లోపలి అరలకు వాడుకోవచ్చు, అర కాస్త వెనక్కి ఉన్నా ఫర్వాలేదు కాబట్టి. కానీ ఆ సంగతి కటింగ్ లిస్ట్‌లో రాసి ఉండాలి. రాయకపోతే అది తుక్కు కిందికి పోతుంది. షీట్ 1220 కన్నా 20 ఎంఎం ఎక్కువ అడగడం వల్ల సైడ్లకే రెండు షీట్లు ఎక్కువ. డ్రాయింగ్ మీద తీసుకునే నిర్ణయం బిల్లుగా ఎలా మారుతుందో విద్యార్థికి దీనికంటే బాగా తెలిసే లెక్క లేదు. ఈ ఎక్సర్‌సైజ్‌కి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, గ్రాఫ్ పేపర్ చాలు. చేత్తో ఒకసారి చేశాక ఆప్టిమైజర్ (షీట్ మీద ముక్కలు అమర్చే సాఫ్ట్‌వేర్) ఇచ్చే లేఅవుట్‌ని ప్రశ్నించడం వస్తుంది.

మన దగ్గర రేటు చెప్పేది ముందు భాగం చదరపు అడుగు లెక్కన. పై వార్డ్‌రోబ్ ముందు భాగం దాదాపు 41 చదరపు అడుగులు. అందులో పడే 18 ఎంఎం ప్లై 224 చదరపు అడుగులు. ఈ రెండు అంకెల మధ్య సంబంధం తెలియని డిజైనర్ కొటేషన్ ఇస్తే, అరలు, డ్రాయర్లు పెరిగేకొద్దీ నష్టం వస్తుంది. రేటు పెంచమని తర్వాత అడిగితే ఇంటివాళ్లు ఒప్పుకోరు.

ఎడ్జ్ బ్యాండ్ దగ్గర మరో తప్పు జరుగుతుంది. పూర్తయిన షట్టర్ 447 ఉండాలి, రెండు పక్కలా 2 ఎంఎం పీవీసీ అంచు వేస్తారు, కాబట్టి కోసే సైజు 443. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఈ తీసివేత వాటంతటవే చేస్తాయి. డిజైనర్ కూడా ముందే తీసేసి పంపితే తీసివేత రెండుసార్లు జరిగి షట్టర్ 443కి పడిపోతుంది, రెండు షట్టర్ల మధ్య సందు 3 నుంచి 7కి వెళ్తుంది. "ఈ డ్రాయింగ్‌లోవి ఫినిష్ సైజులు" అన్న ఒక్క లైన్ రాసి ఉంటే జరగదు.

హింజ్‌లు కూడా అలాగే. 2100 ఎత్తు షట్టర్‌కు మూడు పెడితే కొన్నాళ్లకు వాలుతుంది. ఐదు పెట్టడం క్షేమం. పక్క షట్టర్‌తో సైడ్ పంచుకుంటే హాఫ్ ఓవర్‌లే, చివరి సైడ్ అయితే ఫుల్ ఓవర్‌లే, లోపలికి కూర్చుంటే ఇన్‌సెట్. ఓవర్‌లే అంటే షట్టర్ సైడ్ మందాన్ని ఎంత కప్పుతుందన్నది. మూడింటికీ క్రాంక్ (హింజ్ చేతి వంపు) వేరు, ఆర్డర్ కోడ్ వేరు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఒక పూట హార్డ్‌వేర్ షాపుల చుట్టూ తిరిగి ఈ మూడు హింజ్‌లనూ చేతిలోకి తీసుకుని చూస్తే, స్లైడ్లలో నెల చెప్పినదానికంటే బాగా ఎక్కుతుంది. షట్టర్‌కు బయట 1 ఎంఎం మైకా వేసి లోపల ఏమీ వేయకపోతే ఎందుకు వంకర తిరుగుతుందో కూడా అక్కడే ఎవరైనా చెబుతారు. లోపల కనీసం 0.8 మైకా వేసి రెండు ముఖాలనూ సమానం చేయాలి.

గోడ ఏ గోడ

కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు లేచిన టవర్లలో చాలావాటికి లోపలి గోడలు కూడా కాంక్రీటువే. అల్యూమినియం ఫార్మ్‌వర్క్‌తో పోసినవి, వాడుకలో మైవాన్ అంటారు. ఇటుక గోడకు గాడి కొట్టి పైపు దింపే అలవాటు ఇక్కడ చెల్లదు. గాడి కొడితే స్టీలుకు తగులుతుంది, బిల్డర్ కూడా ఒప్పుకోడు. పాయింట్లు పోతలోనే నిర్ణయమైపోయాయి. కాబట్టి డిజైన్ మొదలయ్యేది బిల్డర్ ఇచ్చిన ఎలక్ట్రికల్ డ్రాయింగ్‌తో. టీవీ గోడ మార్చాలంటే 25 ఎంఎం బ్యాటెన్ (చెక్క పట్టీ) మీద ప్యానెలింగ్ వేసి దాని వెనక పైపు నడపాలి, లేదా ఫాల్స్ సీలింగ్‌లోంచి తెచ్చి వార్డ్‌రోబ్ సైడ్ వెంట దించాలి. ఏ గోడకు ప్యానెలింగ్ అన్నది ఇక్కడ అందం ఒక్కదాని మీదే ఆధారపడదు.

దీనికి తిరగబడ్డ సమస్య ఏఏసీ (తేలికైన గుల్ల కాంక్రీటు) బ్లాకు గోడలది. గాడి సులువుగా పడుతుంది, కానీ మామూలు రావల్ ప్లగ్ (స్క్రూను గోడలో పట్టి ఉంచే గొట్టం) ఊడి వస్తుంది. స్టీలు గిన్నెలతో నిండిన ఓవర్‌హెడ్ బాక్సును దాని మీద వేలాడదీయకూడదు. పొడవాటి ఫ్రేమ్ యాంకర్లు వాడి, హ్యాంగింగ్ రైలు మీద బరువు పంచాలి. మెటీరియల్స్ క్లాసులో చెక్క, రాయి, గుడ్డ చెబుతారు. గోడ గురించి చెప్పే క్లాస్ తక్కువ. నా లెక్కలో అది ముందు రావాలి.

ఫాల్స్ సీలింగ్‌కి కొన్ని అంకెలు కంఠతా ఉండాలి. 12.5 ఎంఎం జిప్సమ్ బోర్డు, ఇంటర్మీడియట్ ఛానెల్ 1220కి ఒకటి, సీలింగ్ సెక్షన్ 457కి ఒకటి (రెండూ బోర్డును మోసే లోహపు పట్టీలు). సైట్‌లో సెక్షన్ల మధ్య దూరం 600కి పెంచి సామాను మిగిల్చుకుంటారు, కొన్నాళ్లకు బోర్డు జాయింట్ల దగ్గర పగుళ్లు గీతల్లా కనిపిస్తాయి. బోర్డు మూయకముందే టేప్ పెట్టి కొలవాలి. కోవ్ లైటింగ్ (సీలింగ్ అంచులో దాగి ఉండే ఎల్‌ఈడీ స్ట్రిప్) కూడా ఇక్కడే తేలాలి: మీటరుకు 14.4 వాట్ల స్ట్రిప్ 6 మీటర్లు అంటే 86.4 వాట్లు, డ్రైవర్‌ను (స్ట్రిప్‌కు కరెంటిచ్చే పెట్టెను) 80 శాతానికే వాడాలి కాబట్టి కనీసం 108, దుకాణంలో దొరికేది 120 లేదా 150. పొడవు 5 మీటర్లు దాటుతోంది కనుక 12 వోల్టులకు బదులు 24. ఇక డ్రైవర్‌ను ఎక్కడ పెట్టారు? ముందుగా చెడిపోయేది స్ట్రిప్ కన్నా అదే. చెయ్యి దూరే మూత లేని సీలింగ్‌లో పెడితే తర్వాత బోర్డు కోయాల్సిందే.

ఇంట్లో వాడే వస్తువు నుంచి మొదలుపెట్టడం

ఎర్గోనమిక్స్ పేరుతో చెప్పే కొలతలు చాలాచోట్ల పరాయి వంటింటివి. మన వంటింట్లో బరువు ఎక్కడుందో చూడాలి. బియ్యం బస్తా 26 కిలోలు. (2022 జూలైలో 25 కిలోల దాకా ప్యాక్ చేసిన బియ్యానికి జీఎస్టీ వచ్చాక 26 కిలోల బస్తాలు మార్కెట్‌లో మామూలైపోయాయి.) ఆ బియ్యం మొత్తం ఒక డబ్బాలో పోసి 30 కిలోలు మోసే ఛానెల్ (డ్రాయర్ జారే పట్టాలు) మీద పుల్-అవుట్ (బయటికి లాగే బుట్ట) పెడితే, డబ్బా, బుట్ట, షట్టర్ బరువు కలిసి పరిమితి దాటుతుంది. 50 కిలోల ఛానెల్ పెట్టాలి, లేదా నేల మీద చక్రాల ట్రాలీ. గ్రైండర్‌ని రోజూ కౌంటర్ మీదికి ఎత్తలేరు, దానికో చోటు, దానికో సాకెట్. పచ్చడి జాడీలకు ఎత్తు ఎక్కువ, వెలుతురు తక్కువ ఉన్న అర. కేస్ స్టడీ అంటే పత్రికలో ఇంటి ఫోటోలు అతికించడం కాకుండా, ఒక ఇంట్లో వంటింటి సామాను మొత్తం కొలిచి, తూచి పట్టిక రాయడం అయితే ఎంత బాగుంటుంది!

ఇదే వరసలో పెద్దవాళ్లు. ఫ్లాట్లలో బాత్‌రూమ్ తలుపు ఫ్రేము తరచూ 750 ఉంటుంది, ఫ్రేమ్ మందం, తలుపు మందం పోతే వీల్‌చెయిర్ దూరడం కష్టం. 2021లో కేంద్రం తెచ్చిన హార్మనైజ్డ్ గైడ్‌లైన్స్ తలుపుకు 900 ఎంఎం స్పష్టమైన దారి, వీల్‌చెయిర్ తిరగడానికి 1500 వృత్తం చెబుతున్నాయి. ఇంట్లో అన్నిచోట్లా కుదరకపోవచ్చు. అమ్మానాన్నల గదికి ఏ తలుపు మార్చవచ్చో, ఏ గోడ స్ట్రక్చర్ అయి ఉండి మార్చకూడదో విద్యార్థి తేల్చి చెప్పగలగాలి.

ఏఐ బొమ్మలు వచ్చాక

మిడ్‌జర్నీ, చాట్‌జీపీటీ లాంటివాటితో ఇంటివాళ్లే బొమ్మలు చేసుకుని వస్తున్నారు. రెండర్ నైపుణ్యానికి ఇదివరకున్న విలువ దీంతో తగ్గింది. ఇందులో బాధపడాల్సింది లేదు, రెండర్‌కు పోయే రాత్రులు ఇప్పుడు (పనివాళ్లు చూసి చేసే కొలతల) వర్కింగ్ డ్రాయింగ్‌కు పెట్టొచ్చు. స్టూడియోలో చేయించదగ్గ ఎక్సర్‌సైజ్ ఒకటి: ఒక ఏఐ బొమ్మ, ఒక నిజం ఫ్లాట్ ప్లాన్ ఇచ్చి మూడు అడగాలి. ఇందులో ఏది కట్టలేం? కట్టగలిగినదానికి సెక్షన్ గీయి. దానికి మెటీరియల్ షెడ్యూల్ రాయి. బొమ్మలో 3 మీటర్ల పొడవు అర ఆధారం లేకుండా గాల్లో తేలుతుంటుంది, డక్ట్ (పైపులు దిగే సందు) ఉన్నచోట కిటికీ ఉంటుంది, మైకా గీతలు ఒక షట్టర్‌కు నిలువుగా, పక్కదానికి అడ్డంగా ఉంటాయి. వీటిని పట్టుకోవడానికి కావాల్సింది కంటి అలవాటు.

సాఫ్ట్‌వేర్ ఎన్ని నేర్పాలన్నదానికి నా సమాధానం తక్కువ. ఆటోక్యాడ్ బాగా, స్కెచప్ బాగా, ఎక్సెల్ ఇంకా బాగా. పెద్ద ఆఫీసు స్పేస్‌ల వైపు వెళ్లేవాళ్లకు రెవిట్. మాడ్యులర్ సంస్థలు వాడే ప్రొడక్షన్ సాఫ్ట్‌వేర్ ఒక్కో చోట ఒక్కోటి, చేరాక అక్కడే నేర్పుతారు. 32 ఎంఎం సిస్టమ్ (బాక్సు సైడ్లకు రంధ్రాలు పెట్టే ప్రమాణం) తెలిసినవాళ్లకు ఏదైనా త్వరగా వస్తుంది: ముందు అంచు నుంచి 37 లోపల మొదటి వరస, 5 ఎంఎం రంధ్రాలు, 32కి ఒకటి.

కాలేజీ వైపు నుంచి

దారులు కొన్ని ఇప్పటికే తెరిచి ఉన్నాయి. 2022లో యూజీసీ ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ మార్గదర్శకాలు ఇచ్చింది. రంగంలో కనీసం 15 ఏళ్ల అనుభవం ఉంటే పీహెచ్‌డీ లేకపోయినా పాఠం చెప్పవచ్చు, మంజూరైన పోస్టుల్లో 10 శాతం దాకా. మాడ్యులర్ ఫ్యాక్టరీ ప్రొడక్షన్ హెడ్, సైట్‌లు నడిపి నడిపి పండిన ప్రాజెక్ట్ మేనేజర్, వీళ్లను తీసుకురావడానికి ఇది మంచి మార్గం. 2020 జాతీయ విద్యా విధానం ఇచ్చిన క్రెడిట్ పద్ధతిలో ఇంటర్న్‌షిప్‌కు క్రెడిట్లు వేయవచ్చు. అయితే ఇంటర్న్‌షిప్ అంటే ఆఫీసులో కూర్చుని పాత త్రీడీలకు రంగులు మార్చడం కాకూడదు. సంస్థతో రాసుకునే కాగితంలోనే మూడు పనులు పెట్టాలి: ఒక ఫ్లాట్ కొలతలు మొదటి నుంచి చివరి దాకా, ఒక ఆర్డర్ ఫ్యాక్టరీలో కటింగ్ నుంచి ప్యాకింగ్ దాకా వెంట ఉండడం, ఒక ఇంటి హ్యాండోవర్ ముందు స్నాగ్ లిస్ట్ (సరిచేయాల్సిన లోపాల జాబితా). చివర ఇంటర్న్ సమర్పించాల్సింది రిపోర్ట్ కాదు, ఈ మూడింటి కాగితాలు.

స్టూడియో మార్కుల్లో ప్రెజెంటేషన్ బొమ్మలకు 20కి మించి ఇవ్వకూడదన్నది నా పట్టుదల. ప్లానింగ్‌కు 25, వర్కింగ్ డ్రాయింగ్‌కు 30, బీఓక్యూకు (ఏ సామాను ఎంత పడుతుందో చెప్పే పట్టికకు) 15, మిగతా 10 ఒక విచిత్రమైన పరీక్షకు: విద్యార్థి డ్రాయింగ్‌ను కార్పెంటర్ చేతిలో పెట్టాలి, విద్యార్థి పక్కన నిలబడి ఏమీ చెప్పకూడదు. కార్పెంటర్ ఎన్ని ప్రశ్నలు అడిగితే అన్ని మార్కులు పోతాయి. హైదరాబాద్ సైట్లలో రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, బిహార్ నుంచి వచ్చిన మేస్త్రీలు చాలామంది. తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో పొడవాటి నోట్లు రాస్తే అందదు, అంకె, గీత, కోడ్ అందుతాయి.

ఒప్పందం, పేమెంట్ దశలు, మధ్యలో వచ్చే మార్పులకు సంతకం, 18 శాతం జీఎస్టీ, ఇవి ఒక చిన్న పేపర్‌గా ఉంటే చాలు. కానీ ఉండాలి.

చేరబోయేవాళ్లకు

మన దేశంలో ఆర్కిటెక్ట్ అనే పేరు వాడాలంటే 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదు ఉండాలి. ఇంటీరియర్ డిజైనర్‌కు అలాంటి చట్టబద్ధమైన నమోదు లేదు. అదే ఏడాది పుట్టిన ఐఐఐడీ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ ఇంటీరియర్ డిజైనర్స్) వృత్తి సంఘం, లైసెన్స్ ఇచ్చే సంస్థ కాదు. దీనివల్ల 3 నెలల సర్టిఫికెట్ చేసినవారూ, జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో (హైదరాబాద్‌లోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఫాడీ అనే ప్రవేశ పరీక్ష రాసి బీడెస్ ఇంటీరియర్ డిజైన్ చేసినవారూ ఒకే పేరుతో బయటికొస్తారు. తేడా తెలిసేది చేతిలో ఉన్న డ్రాయింగ్ సెట్‌తోనే. అమెరికా వెళ్లే ఆలోచన ఉంటే అక్కడి ఎన్‌సీఐడీక్యూ అనే ఇంటీరియర్ డిజైనర్ల అర్హత పరీక్షకు చదువుతో పాటు లెక్కకు నిలిచే పని గంటలు కావాలి, బ్యాచిలర్స్ ఉన్నవారికి 3,520. ఆ నిబంధనలు చదివి, ఎవరి పర్యవేక్షణలో చేసిన పని లెక్కకు వస్తుందో చేరకముందే చూసుకోవాలి.

ఫీజు కట్టేముందు కాలేజీకి వెళ్లి బ్రోషర్ పక్కన పెట్టి, నిరుడు చివరి ఏడాది విద్యార్థి ఇచ్చిన వర్కింగ్ డ్రాయింగ్ సెట్ చూపమని అడగండి. ఒక వార్డ్‌రోబ్ సెక్షన్ తీసి చూడండి. వెనక ప్లై గాడిలో కూర్చుందా, మేకులతో కొట్టారా అన్నది అందులో తెలుస్తోందా? ఎత్తులు ఎక్కడి నుంచి కొలిచారో రాసి ఉందా? మెటీరియల్ లైబ్రరీకి తీసుకెళ్లమనండి. మైకా కేటలాగ్‌లు మాత్రమే ఉంటే అది షోరూమ్. కోసిన ప్లై ముక్కలు, తడిసి ఉబ్బిన పార్టికల్ బోర్డు, ఫుల్, హాఫ్, ఇన్‌సెట్ హింజ్‌లు, విప్పిన ఛానెల్ ఉంటే అక్కడ ఎవరో శ్రద్ధగా పాఠం చెబుతున్నట్టు. వర్క్‌షాప్ తాళం ఎవరి దగ్గర ఉంటుందో, వారంలో ఎన్ని గంటలు తెరుస్తారో అడగండి. చివరగా, టీచర్లలో ఇప్పుడు నడుస్తున్న సైట్ ఎవరికి ఉందో అడిగి, ఒక రోజు ఆ సైట్‌కు రానిస్తారేమో చూడండి.